లేతచెవి

మా ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారని అడిగితే నేను తేదీ చెప్పలేను, పాట చెబుతాను. మా మంజువాణి పుట్టిన పొద్దున వీధి చివర పెళ్ళిపందిట్లో ఏ పాట వస్తోందో, అది ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో కూడా చెబుతాను. కరెంటు పోయి ఆగింది. కరెంటు వచ్చి, ఆ పాట మూలుగుతూ మళ్ళీ లేచేసరికి మంత్రసాని "ఆడపిల్ల" అంది. ఆ పందిట్లో మైకు పెట్టినవాడు మా ఆయనే. కబురు చేరగానే పెళ్ళివారి మైకులో "నాకు కూతురు పుట్టిందండోయ్" అని ఊరంతటికీ చెప్పేశాడు. మంత్రాల మధ్యలో చెప్పినందుకు పంతులుగారు కోప్పడ్డారని తరవాత తెలిసింది.

మాది బందరు. మా ఆయన పాండురంగం. పాండురంగా మైకుసెట్టు అంటే ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళలో కూడా తెలుసు. పెళ్ళి కానివ్వండి, ఎలక్షన్లు కానివ్వండి, మా గొట్టాలు ఏ కొబ్బరిచెట్టుకో కట్టాల్సిందే.

ఏ పందిట్లోనైనా ఆయన మొట్టమొదట వేసే రికార్డు ఒకటుండేది. "మబ్బుల పడవెక్కి రావే మరదలా, మా రేవు గుమ్మాన దీపం కావే మరదలా" అని. దాని మీద ఒక గీత పడింది. పిల్లి దూకి పడిందని ఆయన అనేవాడు. పిల్లి వచ్చి చెప్పదు కదా, కాదని. ముల్లు ఆ గీత దగ్గరికి రాగానే "మబ్బుల పడ... పడ... పడ... పడ..." అంటూ అక్కడే తిరిగేది. ఆయన బల్బులు కడుతున్నా సరే, విస్తరి ముందు కూర్చున్నా సరే, లేచొచ్చి పెట్టె అంచు మీద చూపుడువేలితో ఒక్కటి తట్టేవాడు. టక్. ముల్లు ఎగిరి "దీపం కావే మరదలా" దగ్గర దిగేది.

"కొత్త రికార్డు కొనరాదూ?" అన్నాను ఒకసారి.

"పాట దానంతటది పోతుంటే ఇక నేనెందుకు, నాంచారూ?" అన్నాడు.

మంజు ఆ పాటను అలాగే నేర్చుకుంది. మబ్బుల పడ పడ పడ, టక్, దీపం కావే. మధ్యలో వేరే మాటలున్నాయని దానికి తెలియనే తెలియదు. బళ్ళో అలాగే పాడితే అందరూ నవ్వారట. ఏడుస్తూ వచ్చి, "నాన్నా, వాళ్ళెవరూ టక్ అనట్లేదు" అంది. ఆయన దాని ముక్కు తుడిచి, "పాపం, వాళ్ళకి మైకుసెట్టు లేదు కదమ్మా" అన్నాడు.

ఆయన పోయి చాలా కాలమైంది. గొట్టాలు పాతసామానువాడు తీసుకెళ్ళాడు. ఆ రికార్డు ఇళ్ళు మారడంలో ఎక్కడో విరిగింది. పాట మాత్రం మా దగ్గరే ఉందని నేను ధైర్యంగా ఉండేదాన్ని.

మంజు ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో డాన్సు టీచరు. నేను దాని దగ్గరే ఉంటాను. అల్లుడు లారీ ఆఫీసులో పని చేస్తాడు, మంచివాడు, పాటల జోలికి రాడు. మనవరాలు హిమజ ఇంటరు చదువుతోంది. చెవుల్లో ఆ తెల్లటి గింజలు పెట్టుకుని చదువుతుంది. ఏం చదువుతుందో ఆ గింజలకే తెలియాలి.

ఒకనాడు మంజు స్కూలు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చుండిపోయింది. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు పిలిచి, "మేడమ్, మీరు పెట్టే పాటలు పిల్లలకే కాదు, వాళ్ళ అమ్మానాన్నలకి కూడా తెలియవు. ఈసారి వార్షికోత్సవానికి ఇప్పటి పాటలు పెట్టండి. మీకు కష్టమైతే బెజవాడ నుంచి మాస్టర్ని పిలిపిద్దాం" అందట. అంత మర్యాదగా అన్నదానికి ఎదురేం చెబుతారు?

ఆ రోజు మొదలు మంజు హిమజ ఫోను పట్టుకుని కొత్తపాటలు వినడం మొదలుపెట్టింది. కూరగాయలు తరుగుతూ వింటుంది, గిన్నెలు సర్దుతూ వింటుంది. ఒక్కటీ ఎక్కలేదు.

"అన్నీ ఒకేలా ఉన్నాయే హిమా. మొన్న విన్నది ఇదేనా?"

"మొన్న విన్నది వేరు. నువ్విప్పుడు పాడింది రెండు పాటలు కలిపి, అమ్మా."

"మా చిన్నప్పుడు ఒక్కసారి వింటే వచ్చేసేది."

"మీ చిన్నప్పుడు ఉన్నదే నాలుగు పాటలు!"

నేను వంటింట్లో పునుగుల పిండి కలుపుతున్నాను. హిమజ ఫోనులోంచి ఒక కుర్రాడు "ఏదో ఒకటి చెప్పవే, చెప్పవే" అని బతిమాలుతున్నాడు. బతిమాలి బతిమాలి, "చె... చె... చె... చె... చె..." అని ఆగిపోయాడు.

"ఇరుక్కుపోయిందే! ఎవరన్నా తట్టండి!" అని కేకేశాను, పిండిచేతులతో.

హిమజ పడీపడీ నవ్వింది. "అమ్మమ్మా, ఇరుక్కోలేదు. కావాలని అలా చేశారు. దానికోసం చాలా ఖర్చవుతుంది తెలుసా?"

"ఖర్చు పెట్టి ఇరికించారా? మీ తాతయ్య ఊరికే ఇరికించేవాడు కదే!"

మంజు కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నాన్న ఉంటే పరిగెత్తుకొచ్చి తట్టేవాడమ్మా" అంది.

ఇక ఇందుమతి సంగతి చెప్పాలి. ఇందుమతి నా చెల్లెలి కూతురు. బెజవాడలో, వినికిడికీ మెదడుకీ ఉన్న ముడి ఏమిటో చూసే పరిశోధనశాలలో పెద్ద ఉద్యోగం. పెళ్ళి మాట ఎత్తితే ప్రయోగం సగంలో ఉంది పెద్దమ్మా అంటుంది. ఏళ్ళ తరబడి సగంలోనే ఉంది ఆ ప్రయోగం. అటువంటిది ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, ప్రయోగం అయిపోయిందంది. నేను పెళ్ళికొడుకు పేరు అడగబోయాను. అది సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీసింది.

డబ్బాలో రెండు బొత్తాలున్నాయి. ముత్యపు దిద్దులంత ఉన్నాయి, చెవుల వెనక అంటించుకోవాలట.

"చిన్నప్పుడు విన్న పాట ఎందుకు పోదో చెప్పనా, పెద్దమ్మా?"

"బాగుంటుంది, పోదు."

"బాగోని పాటలు కూడా పోవుగా. పళ్ళపొడి ప్రకటన పాటలు నీకింకా వచ్చు. అప్పుడే అలికిన పచ్చిగోడ మీద చెయ్యి పెడితే అచ్చు పడుతుంది చూడు, పిల్లల చెవి అట్లాంటిది. చదువులయ్యేసరికి గోడ ఆరిపోతుంది. తరవాత ఎంత మంచి పాటైనా పైపైనే జారిపోతుంది. నేను ఆ గోడని కాసేపు తడుపుతాను. అంతే. మా ల్యాబులో దీన్ని లేతచెవి అంటున్నాం."

మంజు అప్పటికే డబ్బా చేతిలోకి తీసుకుంది. "నాకు పెట్టవే ఇందూ."

"కాలేజీ పిల్లల మీద చూశామక్కా, చక్కగా పనిచేసింది. నీ వయసువాళ్ళకి ఇంకా చూడలేదు."

"నాతో మొదలుపెట్టు. వార్షికోత్సవం దగ్గరికొచ్చేస్తోంది."

నా చేతులతో ఎన్ని గోడలు అలికానో లెక్కలేదు. తడిపితే ఆ గోడ మీది పాత అచ్చులు ఏమవుతాయో ఆ క్షణాన నాకూ తట్టలేదు, అంత చదివిన ఇందుమతికీ తట్టలేదు. ముగ్గురం హల్వా తింటూ సంబరపడ్డాం.

సెలవురోజుల్లో నేనూ మంజూ బెజవాడ బస్సెక్కేవాళ్ళం. ల్యాబులో మంజు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటే, ఇందుమతి ఆ బొత్తాలు అంటించి కొత్తపాటలు వేసేది. ఎదురుగా పెద్ద తెర. మంజు లోపలికి ఒక పాట దిగగానే తెర మీద ఒక పచ్చచుక్క వెలిగేది. మొదట్లో తెరంతా పసుపుచుక్కలు కూడా కనబడేవి. "అవి చిన్నప్పటివి పెద్దమ్మా" అంది ఇందుమతి. చీకటి పొలంలో మిణుగురుల్లాగా ఉన్నాయనుకున్నాను.

తిరుగు బస్సులో మంజు పాడుతూ వచ్చేది. కండక్టరు కూడా గొంతు కలిపాడు ఒకసారి. ఇంటికొచ్చి హిమజతో పోటీపడి పాడింది. హిమజకి ఇంకా రాని చరణాలు కూడా దీనికి వచ్చేశాయి. తల్లీకూతుళ్ళు హాల్లో బల్ల పక్కకి జరిపి గంతులేశారు. చూస్తుంటే, పందిట్లో తండ్రి కాళ్ళ దగ్గర గంతులేసిన నా చిన్న మంజు తిరిగొచ్చినట్టే ఉంది. ప్రిన్సిపాలు రిహార్సలు చూసి "సూపర్ మేడమ్" అందట. బెజవాడ మాస్టరు మాట మళ్ళీ రాలేదు.

తరవాత ఒక సాయంత్రం హిమజ ఆ బతిమాలే కుర్రాడి పాట పెట్టింది. "చె... చె... చె... చె..."

నేను మామూలుగానే, "ఇరుక్కుపోయిందే, తట్టండి!" అన్నాను.

హిమజ నవ్వింది. మంజు నా వైపు చూసి, "ఏం తట్టాలమ్మా?" అంది.

హాస్యానికి అందనుకున్నాను. మొహం చూస్తే హాస్యం లేదు. నిజంగానే అడుగుతోంది. ఎండబెట్టిన బట్టలు తేవాలా అని అడిగినంత మామూలుగా.

పనిలో అలిసిపోయి ఉంటుందిలే అని సర్దుకున్నాను. మూడో నాలుగో రోజుల తరవాత మా ఆయన తద్దినం వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి, మంజు తండ్రి ఫోటో తుడిచి బంతిపూల దండ వేసింది. వేశాక కదలకుండా నిలబడి చూస్తోంది. అలాగే చూస్తూ, మెల్లిగా అడిగింది.

"నాన్న మంచివాడేనా అమ్మా?"

చేతిలో ఉన్న చెంబు కింద పెట్టేశాను.

"అదేం మాటే?"

"కాదమ్మా. అన్నీ తెలుసు నాకు. మైకుసెట్టు తెలుసు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడని తెలుసు. కానీ అదంతా ఎవరో చెబితే విన్నట్టుంది. ఈ ఫోటో చూస్తుంటే పక్కవీధిలో ఎవరిదో ఫోటోలాగా ఉంది." దండ సవరించబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకు ఏడుపు కూడా రావట్లేదమ్మా. రావాలి కదా?"

"మబ్బుల పడవ పాట గుర్తుందా?" అన్నాను.

"ఏ పాట?"

ఆ రోజు పిండాలు కాకులకి పెట్టగానే బెజవాడ బస్సెక్కాం. హిమజ కూడా కాలేజీ మానేసి వచ్చింది. దారిపొడవునా తల్లి చెయ్యి వదల్లేదు.

ఇందుమతి మంజును కుర్చీలో కూర్చోబెట్టి తెర వెలిగించింది. తెర నిండా పచ్చచుక్కలు. నేను మిణుగురులనుకున్న ఆ పసుపుచుక్కలు, మొదట్లో అంత దండిగా ఉన్నవి, ఎక్కడో మూలన నాలుగు మిగిలాయి. అవీ మసకమసకగా ఉన్నాయి.

ఇందుమతి ఆ నాలుగు చుక్కల్నీ వేలితో లెక్కపెట్టింది. ఆఖరికి, "కాలేజీ పిల్లలకి చెరిగిపోవడానికి పాతవి ఏమున్నాయి పెద్దమ్మా? వాళ్ళ గోడలే ఇంకా పచ్చిగా ఉన్నాయి. అందుకే నాకు తెలియలేదు" అంది. అంటూనే ఏడ్చేసింది. "అక్కా, కొత్తది రాయడానికి తడిపి, పాతది కడిగేశాను."

మంజే దాన్ని ఓదార్చింది. "నాకు నొప్పిగా ఏం లేదే ఇందూ. అదే భయంగా ఉంది."

ఇప్పుడేం చేయాలని అడిగాను. గోడ ఇంకా తడిగానే ఉందట. ఆరేలోపల పాతపాటలు మళ్ళీ వినిపిస్తే, పాత చోటునే అచ్చు పడొచ్చట. పాటతో పాటు దానికి అంటుకున్న మనుషులు కూడా రావచ్చట. ఆరిపోయాక ఇంకేం చేయలేరట. నేను ఇంకేమీ అడగలేదు. మేం ముగ్గురం ఇందుమతి క్వార్టర్సులోనే ఉండిపోయాం.

ఆ మర్నాటికి ఇందుమతి ఎక్కడెక్కడో వెతికి ఆ కాలం పాటలన్నీ సంపాదించింది. నేను పేర్లు చెబుతుంటే అది తెస్తూ పోయింది. మబ్బుల పడవ పాట దొరకడం కష్టమైంది. దొరికాక దాన్ని కడిగి ముత్యంలా చేసింది. "పాత రికార్డు పెద్దమ్మా, ఒకటే గరగర. అంతా తీసేశాను. అద్దంలా ఉంది చూడు."

నిజంగానే అద్దంలా ఉంది. ఆ పాడినాయన పక్కన కూర్చుని పాడినట్టుంది. మంజు చెవుల వెనక బొత్తాలు, మూసిన కళ్ళు. పాట మొదటి నుంచి చివరి దాకా సాఫీగా నడిచింది. తెర మీద ఒక చుక్క వెలిగింది. పచ్చచుక్క.

"అంటే?" అన్నాను.

"అంటే కొత్తపాట లాగే దిగింది." ఇందుమతి పాటని మొదటికి తిప్పింది. "మళ్ళీ వేస్తాను."

మళ్ళీ వేసింది. అది విని మంజు కళ్ళు తెరిచి, పాట మొత్తం పాడింది. "మబ్బుల పడవెక్కి రావే మరదలా, మా రేవు గుమ్మాన దీపం కావే మరదలా." ఒక్క మాట కూడా పోకుండా, ఒక్క తప్పు లేకుండా పాడింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు తెలియలేదు.

"పాట బాగుందమ్మా. నాన్నకి ఇష్టమా?" అని అడిగింది.

అలా ఆ రోజు గడిచింది, ఆ మర్నాడూ గడిచింది. పాట తరవాత పాట. అన్నీ పచ్చచుక్కలే. గోడ ఆరిపోతోందని ఇందుమతి నోటితో చెప్పలేదు కానీ తెర వైపు చూసినప్పుడల్లా దాని మొహం చెబుతూనే ఉంది.

మూడో మధ్యాహ్నం ఇందుమతి టీ తేవడానికి వెళ్ళింది. మంజు బొత్తాలు తీయకుండానే కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకుంది. నేను పక్కన స్టూలు మీద, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ తినలేదు. హిమజ కిటికీ దగ్గర చెవుల్లో గింజలు పెట్టుకుని నిలబడింది. ఏడుస్తోందని తెలుస్తోంది, కానీ అటు తిరిగి ఉంది. ముక్కు తుడుచుకోబోతే ఆ గింజ చెవిలోంచి జారి కిందపడింది. దాన్ని అందుకోవడంలో ఫోను మీద ఏం నొక్కుకుపోయిందో ఏమో, పాట బయటికి వచ్చేసింది.

"ఏదో ఒకటి చెప్పవే, చెప్పవే, చె... చె... చె... చె... చె..."

నాకు ఆలోచన లేదు. మనసు ఎక్కడో ఉంది. ఏళ్ళ తరబడి పాట ఇరుక్కుంటే తట్టే ఇంట్లో బతికిన చెయ్యి కదా, దాని పని అది చేసింది. పులిహోర డబ్బా మూత మీద చూపుడువేలితో ఒక్కటి పడింది.

టక్.

"దీపం కావే" అంది మంజు.

కళ్ళు తెరవలేదు. నిద్రలో అన్నట్టు అంది. హిమజ కంగారుగా ఫోను ఆపేయబోయింది. "ఆపొద్దు" అన్నాను, గొంతు నాకే కొత్తగా వినబడింది. "మళ్ళీ పెట్టు. ఆ ఇరుక్కునేది పెట్టు."

చె... చె... చె... చె...

టక్.

"పడ పడ పడ" అంది మంజు. "మబ్బుల పడ పడ పడ, టక్, దీపం కావే." ఈసారి పెదవులు నవ్వుతున్నాయి. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి కారుతున్నాయి. "అమ్మా. నాన్న వేలికి నల్లటేపు చుట్టి ఉండేది కదా? వైరు కాలి."

"అవునే. ఎప్పుడూ ఉండేది."

"అమ్మా, నీకొకటి తెలియదు. నువ్వు లేనప్పుడు నన్నెత్తుకుని నా వేలితో తట్టించేవాడు. అమ్మకి చెప్పకు, కరెంటు పెట్టె ముట్టించానని నన్ను తిడుతుంది అనేవాడు."

నాకు తెలియదు. మా ఇంట్లో జరిగింది ఏదీ నేను మరిచిపోలేదని ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకున్నదాన్ని, ఇది మాత్రం నాకు తెలియదు. నా కూతుర్నీ, పోయిన నా మొగుడినీ ఒకేసారి తిట్టాలనిపించింది.

తలుపు దగ్గర గ్లాసులు గలగలమన్నాయి. ఇందుమతి ట్రే పట్టుకుని తెరకేసి చూస్తోంది. పచ్చచుక్కల మధ్య ఒక పసుపుచుక్క, దీపం ముట్టించినట్టు వెలుగుతోంది. దాని చుట్టూ ఇంకో నాలుగు రేగుతున్నాయి.

"ఏం చేశావు పెద్దమ్మా?"

"ఏమో తల్లీ. డబ్బా తట్టాను."

టీలు చల్లారిపోయాయి. ఎవరికీ అక్కర్లేకపోయింది. మంజు తండ్రి గురించి చెబుతూ పోయింది, మేం ముగ్గురం నోళ్ళు తెరుచుకుని విన్నాం. ఇందుమతి మధ్యలో తలకొట్టుకుంది. "గరగరంతా తీసేశానే నేను! అక్క విన్నది ఆ పాట కాదుగా. ఆ గీతా, పెదనాన్న వేలూ కలిస్తేనే ఆ పాట. నేను వేసిన పాటకి వెళ్ళడానికి పాత చోటు ఎక్కడుంది? ఆ అచ్చుకి అది సరిపడనే లేదు."

అప్పటినుంచి మా పని చూడాల్సింది. ఇందుమతి అద్దంలాంటి పాటలన్నిటినీ పాడు చేయడం మొదలుపెట్టింది. "ఇక్కడ కరెంటు తగ్గేది, పాట ఆవులించినట్టు సాగేది" అంటే అలాగే సాగదీసేది. ఒక పాట ముందు మా ఆయన "హలో, హలో, మైకు టెస్టింగు" అని మూడుసార్లు ఊదేవాడు. అది లేకుండా ఆ పాట దిగలేదు. చివరికి హిమజ గొంతు బొంగురు చేసి తాతయ్యలా ఊదింది. మంజు పకపకా నవ్వింది, చుక్క వెలిగింది. నేను జోలపాట పాడితే, దగ్గు వచ్చి మధ్యలో ఆగాను. ఆ దగ్గు దగ్గరే వెలిగింది! దాని పసితనంలో నాకు కోరింతదగ్గు ఉండేది మరి.

అన్నీ రాలేదు. అది కూడా చెప్పాలి. నేను విన్నవే నేను తిరిగి ఇవ్వగలిగాను. కాలేజీ హాస్టల్లో స్నేహితురాళ్ళతో పాడుకున్నవి, ఒంటరిగా డాబా మీద పాడుకున్నవి, నా చెవిన ఎప్పుడు పడ్డాయి కనక? వసుంధర అని దాని పాత స్నేహితురాలికి ఫోను చేస్తే, ఆవిడ నవ్వుతూ రెండు పాటలు తప్పులతో సహా పాడింది. మిగతావి ఎన్ని పోయాయో మంజుకే తెలియదు. "తెలియనిదాని గురించి ఏం ఏడుస్తానమ్మా" అంది. దాని బదులు అప్పుడప్పుడు నేను అనుకుంటాను, ఏముండేవో అవి అని. అంతే. తండ్రి తిరిగొచ్చాడు దానికి. అంతకన్నా నేను అడగలేను.

గోడ ఆరాక ఇందుమతి ఆ బొత్తాలను బీరువాలో పెట్టి తాళం వేసింది. మళ్ళీ తీసేముందు ప్రతి మనిషి ఇంటికీ వెళ్ళి, ఏ పాట ఎక్కడ ఇరుక్కునేదో ఇంట్లోవాళ్ళని అడిగి తెలుసుకుంటానంది. ఆ లెక్కన దాని ప్రయోగం మళ్ళీ సగంలోకే వచ్చింది. పెళ్ళి మాట నేనిక ఎత్తలేదు.

"నీకు పెట్టనా ఒకసారి పెద్దమ్మా?" అని నవ్వుతూ అడిగింది బస్టాండులో.

"నా గోడ ఎండి రాయయిపోయింది. దాని మానాన దాన్ని వదిలెయ్" అన్నాను.

కొత్తపాటలు మంజు దగ్గర కొన్ని నిలిచాయి, కొన్ని జారిపోయాయి. ఇప్పుడు మళ్ళీ రెండు పాటలు కలిపి పాడుతుంది. హిమజ మళ్ళీ వెక్కిరిస్తుంది. ఆ వెక్కిరింత వింటుంటే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

వార్షికోత్సవానికి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. పొద్దు గూకుతోంది. స్కూలు గ్రౌండులో కుర్చీలు నిండిపోయాయి. చివరి డాన్సు మంజుది. ఆ బతిమాలే కుర్రాడి పాటే పెట్టింది. నిలువెత్తు పెట్టెల్లోంచి మోత, స్టేజీ నిండా మెరుపుల బట్టల్లో పిల్లలు, ఎగురుతున్నారు, తిరుగుతున్నారు. "ఏదో ఒకటి చెప్పవే, చెప్పవే..."

చె... చె... చె... చె...

పిల్లలందరూ ఒక్కసారిగా బిగుసుకుపోయారు. ఒక కాలు పైకెత్తినవాళ్ళు ఎత్తినట్టే, నోరు తెరిచినవాళ్ళు తెరిచినట్టే. ఒకళ్ళనొకళ్ళు కళ్ళతో చూసుకుంటున్నారు, ఏమైంది ఏమైంది అని. పాట కదలడం లేదు. మంజు దాన్ని కావాలనే ఇంకా పొడిగించింది. చె... చె... చె... చె... నా వెనక ఎవరో, "అరే, సెట్టు పోయినట్టుంది, మైకువాణ్ణి పిలవండెహె!" అని కేకేశారు. మైకువాడు! ఎన్నాళ్ళకి విన్నాను ఆ మాట. ప్రిన్సిపాలు కుర్చీలోంచి లేచి నిలబడింది.

అప్పుడు తెర పక్కనుంచి అందరిలోకీ చిన్నపాప ఒకతి నడుచుకుంటూ వచ్చింది. తొందరేం లేదు ఆ పిల్లకి. దాని చూపుడువేలికి నల్లటేపు చుట్టి ఉంది. తెర చాటున మంజు సగం కనబడుతోంది, పిల్లల్ని చూడటం లేదు, నన్ను చూస్తోంది.

పాప స్టేజీ ముందుకొచ్చి, వంగి, వేలు ఎత్తింది. నేనూ కుర్చీ చేతి మీద వేలు ఎత్తాను.

టక్.

పాట కదిలింది.